హాలండ్ వెళ్తున్నారా? నాలుగు డచ్చి ముక్కలు నేర్చుకు వెళ్ళండి!

వీసా చేతికొచ్చింది. ఆవకాయ సీసాలకీ, గోంగూర పచ్చడి సీసాలకీ ప్లాస్టరు చుట్టడం అయింది. కందిపొడి, కారప్పొడి, ఇడ్లీ రేకులు, చిన్న కుక్కరు పెట్టెలో సర్దేశారు. చలికోట్లు కొన్నారు. అమ్మ ఇంకా ఏదో ఒకటి మూటగట్టి తెస్తూనే ఉంది. అంతా బాగానే ఉంది గానీ... ఆ దేశం భాష సంగతేమిటి?

"అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చుటగా!" అంటారు మీవారు. నిజమే. ఆయన ఆఫీసులో ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది. కూరగాయల దుకాణంలోనూ పని జరిగిపోతుంది. అయితే పిల్లవాడి బడి నుంచి వచ్చే చీటీ డచ్చిలో ఉంటుంది. పురపాలక కార్యాలయం ఉత్తరం డచ్చిలోనే. పన్నుల శాఖ నుంచి వచ్చే నీలం కవరు సరేసరి! పాలడబ్బా మీద అక్షరాలు, మందు సీసా మీద సూచనలు, లిఫ్టులో అంటించిన నోటీసు, అన్నీ అంతే. బడి గేటు దగ్గర పిల్లల కోసం ఎదురుచూసే తల్లులు మీతో రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడి, ఆ తర్వాత తమలో తాము డచ్చిలోకి జారుకుంటారు. మీరు చిరునవ్వు ఒకటి ముఖాన పెట్టుకుని నిలబడతారు. మొదటి ఆర్నెల్లూ పర్వాలేదు. మూడేళ్ళు అలాగే నిలబడితే మనసు చిన్నబోతుంది. ఇంకా కష్టమైనది మరొకటుంది. మన ఏడేళ్ళ పిల్ల బడిలో భాష గబగబా నేర్చేసుకుని, డాక్టరు దగ్గర మన ఒంట్లో బాధని మన తరఫున తను చెప్పాల్సి రావడం. ఏ తల్లికి బాగుంటుంది చెప్పండి?

ఇంతకీ హాలండ్ అని మనకి అలవాటు గానీ దేశం పేరు నెదర్లాండ్స్. హాలండ్ పేరుతో ఉన్నవి అక్కడి పన్నెండు రాష్ట్రాల్లో రెండే. ఆంస్టర్‌డామ్, హేగ్ ఆ రెండింట్లో ఉన్నాయి. మనవాళ్ళు చాలామంది ఉద్యోగాలు చేసే ఐండ్‌హోవెన్ మాత్రం ఉత్తర బ్రబాంట్‌లో ఉంది. డచ్చి భాష బెల్జియం ఉత్తర భాగంలోనూ, దక్షిణ అమెరికాలోని సూరినామ్‌లోనూ కూడా నడుస్తుంది.

మన ఇళ్ళకి ఈ డచ్చివాళ్ళు కొత్తేమీ కాదు. 1602లో పెట్టిన వాళ్ళ వర్తక కంపెనీ మూడు నాలుగేళ్ళు తిరక్కుండానే మచిలీపట్నం చేరింది. పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ దగ్గర జగన్నాథపురం, అన్నిచోట్లా వాళ్ళ కొట్లు ఉండేవి. మన పెద్దవాళ్ళు వాళ్ళని 'ఒలందావాళ్ళు' అనేవారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1824 ఒప్పందం ప్రకారం ఇక్కడి స్థావరాలన్నీ ఆ మరుసటి ఏడు ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. పోతూ పోతూ మన అద్దకం బట్టని ఒక మాటగా పట్టుకుపోయారు. పూల అద్దకం చీటీగుడ్డని డచ్చిలో 'సిట్స్' అంటారు. అది మన దేశపు 'ఛీంట్' నుంచి పుట్టిన మాట. ఫ్రీస్‌లాండ్‌లో హిందెలోపెన్ అనే చిన్న ఊరి ఆడవాళ్ళ పాతకాలపు పండగ కోట్లు ఈ కోరమాండల్ గుడ్డతోనే కుట్టించుకున్నవి. మన బట్ట వాళ్ళ ఒంటి మీదికి ఎక్కినప్పుడు, వాళ్ళ మాట మన నోటికి ఎక్కదా ఏం?

ఇక అసలు సంగతికి వద్దాం. డచ్చి నేర్చుకునే వాళ్ళని ఏడిపించేది మాటలు కాదు, వరస. ఏ మాట ముందు, ఏ మాట వెనక అన్నదే తంటా. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు ఇక్కడ బోర్లా పడతారు. తెలుగు వచ్చిన మీకు ఇందులో సగం పుట్టింటి వ్యవహారమే! ఎలాగో చూడండి.

రెండో పీట క్రియది

మన పంక్తి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. పీటలు వరసగా వేసి ఉన్నాయి. డచ్చి వాక్యంలో రెండో పీట ఎప్పుడూ క్రియ పేరున రిజర్వు. మొదటి పీట మీద ఎవరు కూర్చున్నా సరే, రెండోదాని మీద మాత్రం ఇంకెవరూ కూర్చోకూడదు.

'ఇక్ డ్రింక్ కోఫీ'. నేను కాఫీ తాగుతాను. ఇక్ అంటే నేను. ఇంతవరకూ ఇంగ్లీషు లాగే ఉంది కదూ? ఇప్పుడు 'ఇప్పుడు' అనే మాట ముందుకి తెద్దాం. ఇప్పుడుని 'నూ' అంటారు. 'నూ డ్రింక్ ఇక్ కోఫీ'. చూశారా, మొదటి పీట 'నూ' ఆక్రమించుకుంది. క్రియ తన రెండో పీట వదల్లేదు. పాపం 'నేను' లేచి వెళ్ళి మూడో పీట మీద కూర్చుంది. కొత్తగా నేర్చుకునే వాళ్ళంతా 'నూ ఇక్ డ్రింక్' అనేస్తారు. అర్థం అవుతుంది, కానీ వినేవాళ్ళకి అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

పీట అంటే ఒక్క మాటే కానక్కర్లేదు. 'ఓమ్ జెస్ ఊర్' అంటే ఆరు గంటలకి. మూడు మాటలైనా ఒకే కుటుంబం, ఒకే పీట. 'ఓమ్ జెస్ ఊర్ డ్రింక్ ఇక్ కోఫీ' అనాలి.

ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం క్రియ మొదటి పీటకే వచ్చేస్తుంది. 'డ్రింక్ట్ ఊ కోఫీ?' మీరు కాఫీ తాగుతారా? మనకి చివర 'ఆ' చేరిస్తే ప్రశ్న అయిపోతుంది, వాళ్ళకి క్రియని ముందుకి జరిపితే అయిపోతుంది. ఎక్కడ, ఎప్పుడు లాంటి మాటలుంటే అవి ముందు, క్రియ మళ్ళీ రెండు. 'వార్ వోంట్ ఊ?' మీరు ఎక్కడ ఉంటారు? ఆజ్ఞలోనూ క్రియే ముందు. 'కోమ్ బినన్' అంటే లోపలికి రండి. 'ఖా జిటన్' అంటే కూర్చోండి. ఇంటికొచ్చిన వాళ్ళతో ఈ రెండూ అంటే చాలు, సగం మర్యాద జరిగిపోయినట్టే.

పట్టకారు సంగతి

ఒక వాక్యంలో రెండు క్రియలుంటే? 'కొనాలి', 'వండగలను' లాంటివన్నమాట. అప్పుడు చిన్న క్రియ రెండో పీట మీద కూర్చుంటుంది, అసలు పని చెప్పే పెద్ద క్రియ పంక్తి చివరికి పోతుంది. మధ్యలో మిగతా సరంజామా అంతా.

'ఇక్ విల్ ఎన్ కీలో ఆర్డాపలన్ కోపన్'. నాకు ఒక కిలో బంగాళాదుంపలు కొనాలని ఉంది. 'విల్' రెండో చోట, 'కోపన్', అంటే కొనడం, ఆఖరున. (బంగాళాదుంపని వాళ్ళు 'భూమి ఆపిల్' అంటారు. ఆర్డ్ అంటే భూమి, ఆపల్ అంటే ఆపిల్. ముద్దుగా లేదూ!)

అయిపోయిన పనికీ ఇదే పద్ధతి. 'ఇక్ హెబ్ ఖిస్టరన్ మెల్క్ ఖకోఖ్ట్'. నేను నిన్న పాలు కొన్నాను. ఒక్కసారి తెలుగు వాక్యం పక్కన పెట్టుకుని చూడండి. నేను, నిన్న, పాలు, కొన్నాను. డచ్చిలోనూ ఇక్ తర్వాత 'హెబ్' అనే చిన్న ముక్క తీసేస్తే అచ్చం అదే వరస! నిన్న, పాలు, కొన్న. ఇంగ్లీషువాడు 'కొన్నాను పాలు నిన్న' అనే అలవాటుని మానుకోవడానికి నానా తంటాలూ పడాలి. మనకి ఆ బాధే లేదు.

ఇలా రెండు క్రియల మధ్య వాక్యాన్ని పట్టి ఉంచడాన్ని డచ్చి వ్యాకరణంలో 'టాంగ్' అనే మాటతోనే చెబుతారు. టాంగ్ అంటే మరేం కాదు, మన వంటింటి పట్టకారు! ఒక కొస రెండో చోట, ఇంకో కొస చివర, మధ్యలో వేడి గిన్నె. ఈ బొమ్మ మనసులో ఉంచుకుంటే ఎప్పుడూ తడబడరు. ఒక్కటే జాగ్రత్త. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నప్పుడు చివరి మాట దాకా వినాలి. కొన్నారో, అమ్మారో, పారబోశారో చివర గానీ తెలియదు. మనకి తెలుగులో పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటే అనుకోండి.

మరో తమాషా కూడా ఉంది. కొన్ని క్రియలు రెండు ముక్కలుగా విడిపోతాయి. శుభ్రం చేయడాన్ని 'స్ఖోన్‌మాకన్' అంటారు. స్ఖోన్ అంటే శుభ్రం, మాకన్ అంటే చేయడం. మన 'శుభ్రం చేయడం' ఎంతో అంతే. వాక్యంలో పెట్టేసరికి 'మాక్' రెండో పీటకి వెళ్తుంది, 'స్ఖోన్' చివర కూర్చుంటుంది. 'ఇక్ మాక్ హెట్ హౌస్ స్ఖోన్'. నేను ఇల్లు శుభ్రం చేస్తాను. ఫోను చేయడం 'ఓప్‌బెలన్'. 'ఇక్ బెల్ యె మోర్ఖన్ ఓప్', నీకు రేపు ఫోను చేస్తాను. చివర ఆ 'ఓప్' వినబడిందాకా మాట పూర్తి కాలేదని గుర్తు. నిఘంటువులో వెతికేటప్పుడు కూడా చివరి ముక్కని తెచ్చి ముందు అతికించి వెతకాలి. 'బెలన్' దగ్గర కాదు, 'ఓప్‌బెలన్' దగ్గర.

కారణాలు చెప్పేటప్పుడు

ఆడవాళ్ళకి రోజంతా కారణాలు చెప్పడంతోనే సరిపోతుంది కదా. పిల్ల బడికి ఎందుకు రాలేదు? మీరు నిన్న ఎందుకు కనబడలేదు? డచ్చిలో 'ఎందుకంటే'కి రెండు మాటలున్నాయి. 'వంట్' ఒకటి, 'ఓమ్‌డాట్' ఒకటి.

'వంట్' సాధువు. వాక్యాన్ని ఏమీ కదపదు. 'ఇక్ బ్లైఫ్ టౌస్, వంట్ ఇక్ బెన్ జీక్'. నేను ఇంట్లోనే ఉంటాను, ఎందుకంటే నాకు ఒంట్లో బాగాలేదు.

'ఓమ్‌డాట్' అలా కాదు. అది రాగానే క్రియ తన పీట ఖాళీ చేసి చివరికి పోవాల్సిందే. 'ఇక్ బ్లైఫ్ టౌస్ ఓమ్‌డాట్ ఇక్ జీక్ బెన్'. 'బెన్' ఆఖరుకి పోయింది చూశారా? అడ్డాలు తెలిసిన వాహనం లాగా తెలుగు నోరు ఇక్కడ హాయిగా నడుస్తుంది. మన క్రియ ఎప్పుడూ చివరే గనక. 'డాట్' అంటే 'అని', 'ఆల్స్' అంటే 'అయితే', 'టెర్‌వైల్' అంటే 'ఉండగా'. ఇవన్నీ ఓమ్‌డాట్ జాతివే. 'ఇక్ డెంక్ డాట్ జై కోర్ట్స్ హేఫ్ట్'. దానికి జ్వరం ఉందని అనుకుంటున్నాను. 'హేఫ్ట్', అంటే ఉంది, చివర. మనం 'అని' వెనక పెడతాం, వాళ్ళు 'డాట్' ముందు పెడతారు. తేడా అంతే.

ఈ 'ఆల్స్' వాక్యాన్ని ముందు పెడితే? 'ఆల్స్ హెట్ రేఖంట్, బ్లైఫ్ ఇక్ టౌస్'. వాన పడితే నేను ఇంట్లో ఉంటాను. మొదటి సగమంతా కలిపి ఒకే పీట. కాబట్టి కామా తర్వాత వెంటనే క్రియ. కామాకి ఇటొక క్రియ, అటొక క్రియ, వియ్యపురాళ్ళలా ఎదురెదురుగా! ఆ దేశంలో వానకి కొదవ లేదు గనక ఈ వాక్యం మీకు బాగానే పనికొస్తుంది.

ఎప్పుడు, ఎలా, ఎక్కడ అన్న మూడూ ఒకేసారి వస్తే? 'ఇక్ ఖా మోర్ఖన్ మెట్ ద ఫీట్స్ నార్ ద మార్క్ట్'. నేను రేపు సైకిలు మీద బజారుకి వెళ్తాను. రేపు, సైకిలు మీద, బజారుకి. మన వరసే. ఇంగ్లీషు తీరులో బజారు ముందూ, రేపు చివరా పెట్టకండి. నిజం చెప్పాలంటే డచ్చి మాట్లాడేటప్పుడు మనం చేసే తప్పులన్నీ తెలుగు వల్ల వచ్చేవి కావు. మధ్యలో ఇంగ్లీషులోకి తర్జుమా చేసుకోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. తెలుగులో ఆలోచించండి, రెండో పీట ఒక్కటి గుర్తుంచుకోండి.

'లేదు', 'వద్దు', 'తినను'

మాంసం ముట్టని వాళ్ళు విమానం ఎక్కకముందే నేర్చుకోవాల్సిన వాక్యం ఇది. 'ఇక్ ఏట్ ఖేన్ ఫ్లేస్, ఖేన్ ఫిస్ ఎన్ ఖేన్ ఐయరన్'. నేను మాంసం, చేప, గుడ్లు తినను. మూడూ విడివిడిగా చెప్పండి. మాంసం తినను అన్నంత మాత్రాన చేప కూడా తినరని అందరికీ తట్టదు.

'ఖేన్' వస్తువుని కాదంటుంది. 'ఇక్ హెబ్ ఖేన్ టైట్', నాకు టైము లేదు. 'నీట్' మిగతా అన్నిటినీ కాదంటుంది. 'హెట్ ఇస్ నీట్ డూర్', అది ఖరీదు కాదు. 'ఇక్ వోన్ నీట్ ఇన్ ఆంస్టర్‌డామ్', నేను ఆంస్టర్‌డామ్‌లో ఉండను. ఫలానా అని తెలిసిన వస్తువుకి 'నీట్' చాలు. ఏదో ఒక పాలు అయితే 'ఖేన్ మెల్క్', ఇదిగో ఈ పాలు అయితే 'నీట్'.

ద, హెట్ గొడవ

ప్రతి నామవాచకం ముందూ 'ద' గానీ 'హెట్' గానీ ఉండాలి. టేబుల్ 'ద టాఫల్', ఇల్లు 'హెట్ హౌస్'. ఎందుకూ అంటే చెప్పేవాడు లేడు. మాటతోపాటు బట్టీ పట్టడమే. 'ద' మాటలే చాలా ఎక్కువ గనక సందేహం వస్తే 'ద' అనేయండి. రెండు మాత్రం ఖాయం. బహువచనమైతే ఎప్పుడూ 'ద'. చివర 'యె' తగిలించి ముద్దు చేసిన మాటైతే ఎప్పుడూ 'హెట్'. మనం చిట్టి, బుజ్జి అన్నట్టు వాళ్ళు ప్రతిదానికీ 'యె' తగిలిస్తారు. హౌస్ చిన్నదైతే 'హౌస్యె'. కప్పు టీ అడిగితే 'కోప్యె టే'. వాళ్ళ నోట ఈ యె, త్యె వినబడని పూట ఉండదు.

విశేషణానికి కూడా ఓ తోక ఉంది. 'ఎన్ ఖ్రోటె టాఫల్', ఒక పెద్ద టేబుల్. కానీ 'ఎన్ ఖ్రోట్ హౌస్', ఒక పెద్ద ఇల్లు. 'ఒక' అన్నప్పుడు హెట్ మాటకి తోక ఉండదు, మిగతా అన్నిచోట్లా ఉంటుంది. ఇది తప్పినా ఎవరూ పట్టించుకోరు, దీని మీద నిద్ర పాడు చేసుకోకండి.

క్రియల రూపాలు మన వాటికంటే తేలిక. నేను అయితే 'డ్రింక్', నువ్వు, మీరు, అతను, ఆమె అయితే 'డ్రింక్ట్', మనం, మీరందరూ, వాళ్ళు అయితే 'డ్రింకన్'. మూడే మూడు. తాగాను, తాగావు, తాగాడు, తాగింది, తాగారు అని పిల్లలకి నేర్పిన మనకి ఇదొక లెక్కా! ఒక్క మెలిక ఉంది. 'నువ్వు'ని ప్రశ్నలో క్రియ వెనక పెడితే ఆ 'ట్' రాలిపోతుంది. 'డ్రింక్ యె కోఫీ?' అంటారు.

మీరు, నువ్వు

ఇంగ్లీషులో లేని మర్యాద డచ్చిలో ఉంది. 'ఊ' అంటే మీరు, 'యె' అంటే నువ్వు. ఆ 'ఊ' పలకడానికి పెదవులు సున్నా చుట్టి లోపల 'ఈ' అనాలి. ముసలివాళ్ళని, డాక్టరుని, ఆఫీసులో అధికారిని 'ఊ' అనండి. పక్కింటావిడని మొదటిరోజు 'ఊ' అంటే, ఆవిడే నవ్వి 'యె' అనమంటుంది. వాళ్ళకి అదే చనువు. ఇప్పటి పిల్లలు తల్లిదండ్రులని కూడా 'యె' అనేస్తారు. మనకి అత్తగారిని నువ్వు అన్నట్టే ఉంటుంది గానీ అక్కడ తప్పు లేదు.

'ఖ' అని నేను రాసినచోటల్లా గొంతులోంచి గరగరమంటూ రావాలి, ఉర్దూ 'ఖబర్' లో లాగా. హైదరాబాదు వాళ్ళకి ఇది నల్లేరు మీద నడక. ఐండ్‌హోవెన్ వైపు ఇదే శబ్దం కాస్త మెత్తగా ఉంటుంది. అన్నిటికంటే కష్టమైన శబ్దం మాత్రం ఉల్లిపాయది. ఉల్లిపాయని 'ఔ' అన్నట్టు అంటారు, చివర పెదవులు ముందుకి చుట్టాలి. వంటింట్లో మొట్టమొదట కావలసిన వస్తువుకే అంత తిప్పలు పెట్టారు మహానుభావులు!

రెండున్నరా? మూడున్నరా?

ఇది కాస్త శ్రద్ధగా చదవండి. 'హాల్ఫ్ డ్రీ' అంటే ఎంత? డ్రీ అంటే మూడు, హాల్ఫ్ అంటే సగం. మూడున్నర అనుకుంటే గంట ఆలస్యం! 'మూడుకి సగం దూరంలో' అని వాళ్ళ లెక్క, అంటే రెండున్నర. మా బంధువులమ్మాయి ఒకతె చంటిపిల్లకి టీకా వేయించడానికి ఇలాగే మూడున్నరకి వెళ్తే, అక్కడ నర్సు గడియారం చూపించి ఇంకో వారానికి చీటీ రాసిచ్చింది. రెండు ఇరవైని 'రెండున్నరకి పది ముందు' అంటారు, టీన్ ఫోర్ హాల్ఫ్ డ్రీ. ఫోనులో సమయం చెబితే అంకెల్లో మళ్ళీ చెప్పి ఖాయం చేసుకోండి.

అంకెలూ తిరకాసే. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు. 'ఏన్-ఎన్-ట్వింటఖ్'. హిందీ వచ్చినవాళ్ళకి ఇది అర్థమవుతుంది, ఇక్కీస్‌లోనూ ఒకటే ముందు. 45 అయితే 'ఫైఫ్-ఎన్-ఫేర్టఖ్', 54 అయితే 'ఫీర్-ఎన్-ఫైఫ్టఖ్'. ఫోను నెంబరు రాసుకునేటప్పుడు ఎడమ గడి ఖాళీ ఉంచి కుడిది ముందు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

కొట్లో, డాక్టరు దగ్గర

కొట్లో ఏదైనా అడగాలంటే 'మాఖ్ ఇక్' అని మొదలుపెట్టండి, 'ఇవ్వగలరా' అని అర్థం వస్తుంది. 'మాఖ్ ఇక్ ఎన్ కీలో టొమాటన్?' కొట్టువాడు 'ఆండర్స్ నోఖ్ ఈట్స్?' అంటాడు, ఇంకేమైనా కావాలా అని. చాలంటే 'డాట్ వాస్ హెట్'. పాలకోసం వెళ్ళి 'కార్నమెల్క్' డబ్బా తెచ్చుకోకండి, అది మజ్జిగ. కాఫీలో పోస్తే విరిగిపోతుంది. మజ్జిగపులుసుకి మాత్రం దివ్యంగా ఉంటుంది. కరివేపాకు, పచ్చిమిరపకాయలు, బెండకాయలు ఇండోనేషియా, సూరినామ్ వాళ్ళు నడిపే 'టోకో' కొట్లలో దొరుకుతాయి.

అక్కడ జ్వరం వచ్చినా దగ్గొచ్చినా ముందు 'హౌస్‌ఆర్ట్స్' అనే కుటుంబ వైద్యుడి దగ్గరికే. ముందుగా ఫోను చేయాలి. 'మైన్ డోఖ్టర్ హేఫ్ట్ సింట్స్ ఖిస్టరన్ కోర్ట్స్'. మా అమ్మాయికి నిన్నటి నుంచి జ్వరం. 'డోఖ్టర్' అంటే కూతురు, డాక్టరు కాదు! ప్రాణం మీదికొస్తే 112. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా 'కుంట్ ఊ లాంగ్‌జామర్ ప్రాటన్?' అనండి, కాస్త మెల్లిగా మాట్లాడతారా అని. మీ పిల్లకి నాలుగేళ్ళు నిండగానే బడికి వెళ్ళొచ్చు, అయిదేళ్ళు నిండితే వెళ్ళి తీరాలి. అప్పటికి ఈ వాక్యాలు మీ నోట ఆడుతుంటే బడి టీచరుతో మీరే మాట్లాడుకోవచ్చు.

పరీక్ష సంగతి కూడా చెప్పాలి. కంపెనీ తీసుకెళ్ళే నిపుణుల భార్యలకి వెళ్ళేముందు భాష పరీక్ష లేదు. కానీ అక్కడి పౌరుణ్ణి గానీ, అక్కడే స్థిరపడిన మనవాణ్ణి గానీ పెళ్ళాడి వెళ్ళేవాళ్ళు 2006 మార్చి నుంచి ఇక్కడే డచ్చి రాయబార కార్యాలయంలో పరీక్ష ప్యాసవ్వాలి. చదవడం, మాట్లాడడం, ఆ దేశపు సమాజం గురించి కొన్ని ప్రశ్నలు, ఇవీ అందులో ఉండేవి. సంబంధం ఖాయం చేసుకునే పెద్దలు ఈ సంగతి ముందే కనుక్కుని ముహూర్తం పెట్టుకోవడం మంచిది. నిపుణుల భార్యలు కూడా ఎన్నాళ్ళకైనా అక్కడి పౌరసత్వం కావాలంటే భాష పరీక్ష దాటాల్సిందే.

అక్కడికి వెళ్ళాక చాలా ఊళ్ళ గ్రంథాలయాల్లో 'టాల్‌కఫే' అని భాష మాట్లాడించే కూటాలు జరుగుతాయి. కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడమే పాఠం. మీరు తడబడగానే డచ్చివాళ్ళు మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు ఊరుకోకండి. 'ఇక్ విల్ ఖ్రాఖ్ నేడర్‌లాండ్స్ లేరన్' అనండి. నాకు డచ్చి నేర్చుకోవాలని ఉంది అని.

ఇప్పుడు కూర పొయ్యి మీద పెట్టి, ఈ అయిదు వాక్యాలూ డచ్చిలో చేసి చూడండి. అన్నం 'రైస్ట్', వండడం 'కోకన్', నేను వండుతాను అయితే 'కోక్'. తప్పనిసరిగా చేయాలి అనడానికి 'మూట్'. తినడం 'ఏటన్', మీరు తింటారు అయితే 'ఏట్'.

1. నేను అన్నం వండుతాను. 2. రేపు నేను అన్నం వండుతాను ('రేపు'తో మొదలుపెట్టండి). 3. నేను రేపు అన్నం వండాలి. 4. నేను అన్నం వండను, ఎందుకంటే నాకు టైము లేదు ('ఓమ్‌డాట్' వాడండి). 5. మీరు అన్నం తింటారా?

జవాబులు: 1. ఇక్ కోక్ రైస్ట్. 2. మోర్ఖన్ కోక్ ఇక్ రైస్ట్. 3. ఇక్ మూట్ మోర్ఖన్ రైస్ట్ కోకన్. 4. ఇక్ కోక్ ఖేన్ రైస్ట్ ఓమ్‌డాట్ ఇక్ ఖేన్ టైట్ హెబ్. 5. ఏట్ ఊ రైస్ట్?